తొమ్మిదో నంబరు మంచం

జూన్ 4, ఉదయం 6.10

తమ్ముడికి,

ఇక్కడ నాకు జ్వరం లేదు, పల్స్ డెబ్బై ఆరు. అక్కడ మీ సంగతి రాయి.

ఫోన్ మాత్రం చేయకు. ఫోన్లో అన్న మాట అనలేదనడానికి ఎంతసేపు? ముప్ఫై నాలుగేళ్ళుగా నర్సింగ్ స్కూల్లో కొత్త పిల్లలకి మొదటి రోజు మొదటి గంటలో నేను చెప్పేది ఒకటే, రాయనిది జరగనట్టే అని. మందు ఇచ్చి చార్టులో రాయకపోతే ఇవ్వనట్టే. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ రాసే జవాబివ్వు.

మా స్కూలు మూసేస్తున్నారు. మీ ఆర్థిక శాఖ నుంచే ఆర్డరు వచ్చింది. ఖర్చు తగ్గించడానికి పదిహేను సంస్థలు ఎత్తేస్తున్నారట, అందులో మాది పదిహేనోది. ఉన్న పిల్లల్ని బస్సులో ఆరుగంటల దూరమున్న ఇంకో స్కూలుకి పంపుతారట. నలభై ఇద్దరిలో ఇరవై ఆరుగురు పోలేమంటున్నారు. వాళ్ళలో 'గంట' ఒకతి. దాని గొంతు విన్నవాళ్ళెవరికైనా ఆ పేరెందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. వాళ్ళమ్మ హోటల్లో గిన్నెలు కడుగుతుంది. కూతురు పక్కనుంటేనే ఆ ఇల్లు నడుస్తుంది. ఇది చదువు మానేస్తే ఆ గిన్నెల దగ్గరికే పోవాలి.

ఆర్డరుకి ఒక నోట్ జతచేశారు. ఎవడో మహానుభావుడు అందులో ఇలా రాశాడు: "విద్యార్థినులు నలభై ఇద్దరే. మంచాలు యాభై ఎనిమిది. పదహారు మంచాలు చక్కగా దుప్పట్లు పరిచి ఏడాది పొడుగునా ఖాళీగా ఉంటున్నాయి." చదివి కడుపు మండిపోయింది. ఆ పదహారూ ప్రాక్టీసు వార్డువి! ఒక మంచం మీద బొమ్మ ఉంటుంది, మిగతావాటి మీద పిల్లలే వంతులవారీగా రోగుల్లా పడుకుంటారు. పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, బీపీ చూడటం అక్కడే నేర్చుకుంటారు. దుప్పట్లు చక్కగా పరిచారన్న మాట మాత్రం నిజం. రాసినవాడికి బుర్ర లేదు గానీ కళ్ళున్నాయి.

నీకు గుర్తుందా, మార్చిలో వచ్చినప్పుడు భోజనం చేసి ఆ వార్డులోనే తొమ్మిదో నంబరు మంచం మీద నిద్రపోయావు. ఆ రోజు పరీక్ష ఉన్న ముగ్గురు పిల్లలు, నేనే ఎవరినో రోగిగా ఏర్పాటు చేశాననుకుని, నీ మొహం, చేతులు, కాళ్ళు తుడిచి, తల దువ్వి, మెడకి పౌడరు రాసి, చార్టు రాసి మరీ వెళ్ళారు. మెలకువ వచ్చినా, కదిలితే పరీక్ష పోతుందేమోనని అలాగే పడుకున్నానని చెప్పావు. నువ్వు నా తమ్ముడివని వాళ్ళకి ఇప్పటికీ చెప్పలేదు. చెబితే సిగ్గుతో చస్తారు.

సరే, నువ్వు అదే శాఖలో సెక్షన్ ఆఫీసరువి. ఆ నోట్ రాసినవాడి పేరు కనుక్కుని రాయి. మిగతాది నేను చూసుకుంటాను.

అక్క


జూన్ 11

అక్కకి,

నీ జూన్ 4 నాటి ఉత్తరం అందింది. అందులోని విషయాలు గమనించాను.

నోట్ ఎవరు రాశారన్నది చెప్పడం కష్టం. మా ఆఫీసులో ఒక కాగితం పది చేతులు మారుతుంది. రాసినవాడు మరీ దుర్మార్గుడు కాకపోవచ్చు కూడా. సాయంత్రం అయిదులోగా పదిహేను పేర్లు ఇవ్వాలంటారు, పద్నాలుగే దొరుకుతాయి, గడియారం చూస్తే నాలుగూ యాభై అవుతుంది. అలాంటప్పుడు మనిషికి ఏది గుర్తొస్తే అది రాసేస్తాడు. ఇది నా ఊహ మాత్రమే.

నా సలహా అడిగావు కాబట్టి చెబుతున్నాను (నిజానికి అడగలేదు). నినాదాలు, అరుపులు వద్దు. అరిస్తే పైవాళ్ళు పంతానికి పోతారు. పిల్లల్ని నోరు విప్పవద్దను. మౌనంగా ఉంటే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

మీ మరదలు మూలగదిలో కుట్టుమిషను తీయించి గోడలకి రంగు వేయించింది. వచ్చే ఏడు నువ్వు రిటైరయి మా దగ్గరికి వచ్చేస్తావు కదా, ఇక ఆ స్కూలు గొడవ నీకెందుకు చెప్పు? కిటికీ తూర్పు వైపుంది. పొద్దున్నే బాగుంటుంది.

ఇట్లు
తమ్ముడు


జూన్ 18, మధ్యాహ్నం 1.40

తమ్ముడికి,

పల్స్ ఎనభై. సంతోషం వల్ల పెరిగింది, కంగారు పడకు.

నీ సలహా అద్భుతంగా పనిచేసింది! సోమవారం నలభై ఇద్దరినీ తెల్ల యూనిఫారాల్లో ఇక్కడి మీ శాఖ ఆఫీసు ఎదురుగా వరసగా నిలబెట్టాను. ఒక్కతీ నోరు విప్పలేదు. కిటికీలవైపు చూస్తూ నిలబడ్డారు, అంతే. మొదటి అరగంట లోపలివాళ్ళు నవ్వుకున్నారు. గంట గడిచేసరికి కిటికీలు వేసుకున్నారు. రెండో గంటలో ఒక గుమాస్తా చేతులు జోడించుకుంటూ బయటికొచ్చి, తను ఇంటికి పట్టుకెళ్ళిన ఆఫీసు ఫ్యాను రేపే తెచ్చేస్తానని ప్రమాణం చేశాడు. మాకు ఫ్యాను సంగతే తెలీదు. అందరికంటే గంట పడ్డ కష్టం చెప్పలేను. రెండు గంటలు నోరు మూసుకున్నందుకు దానికి నిజంగానే గొంతు నొప్పి వచ్చింది.

మంగళవారం నిరాహార దీక్ష పెట్టుకున్నాం. అది మాత్రం కుదరలేదు. తొమ్మిదింటికి అయిదుగురు కూర్చున్నారు. వాళ్ళని చూసుకోవడానికి మిగతా ముప్ఫై ఏడుగురినీ వేశాను. రోగి అన్నవాడు దొరికితే నర్సు ఊరుకుంటుందా? పావుగంటకోసారి షుగరు చూడటం, కాస్త తగ్గగానే గ్లూకోజు నీళ్ళు పట్టించడం. పదకొండింటికి చూస్తే దీక్షలో ఉన్నవాళ్ళే అందరికంటే ఎక్కువ తాగారు. పన్నెండింటికి వంటమనిషి గరిటె పట్టుకుని వచ్చి, "ఎవరు తినరో నేనూ చూస్తా" అంది. దానితో దీక్ష ముగిసింది.

స్కూలు మూయవద్దని ఊళ్ళో సంతకాలు చేయించే పని మా రోడ్డు మీది మంగలి తీసుకున్నాడు. వాళ్ళ నాన్న చివరి రెండు నెలలూ మా పిల్లల చేతుల్లోనే ఉన్నాడు. ఆ మాట ఎవరికీ చెప్పడు. సగం గడ్డం గీశాక కత్తి ఆపి, కాగితం ముందు పెడతాడు. ఇప్పటికి మూడువేల పైచిలుకు అయ్యాయి. ఒక్కరూ కాదనలేదు.

నీ ఉత్తరం చదివితే నాకెందుకో అనుమానంగా ఉంది. ప్రతి వాక్యంలోనూ నీళ్ళు నములుతున్నావు. ఒంట్లో బాగుండటం లేదా? మార్చిలో పిల్లలు చూసినప్పుడు నీ బీపీ నూట అరవై ఎనిమిది, అది చార్టులో ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను, వెళ్ళావా? ఉప్పు తగ్గించు. మరదలికి కూడా చెప్పు.

నోట్ రాసినవాడి పేరు ఇంకా పంపలేదు.

అక్క


జూన్ 25

అక్కకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మౌనంగా ఉండమన్నది ఇంట్లో మౌనంగా ఉండమని.

ఆ సంతకాలు దయచేసి ఇక్కడికి పంపవద్దు. మా సెక్షన్లో బీరువాలు ఖాళీ లేవు. మీరు ఇక్కడికి రావాలన్న ఆలోచన ఏమైనా ఉంటే అది కూడా మానుకోండి. మా డైరెక్టరు గారికి ముక్కు మీద కోపం. బీపీ మనిషి. నలభై మంది ఒక్కసారి ఎదురుగా నిలబడితే ఆయనకేమైనా అయితే ఎవరు చూస్తారు? ఆ పాపం నీకెందుకు?

నోట్ రాసినవాడి గురించి పదే పదే అడుగుతున్నావు. అతనికి ఈ మధ్య సరిగ్గా నిద్ర పట్టడం లేదని, అన్నం కూడా సయించడం లేదని విన్నాను. అంతకంటే వివరాలు తెలియవు.

మీ మరదలు నీ గదికి కర్టెన్లు కొంది. నీలం రంగువి.

ఇట్లు
తమ్ముడు


జూలై 1, ఉదయం 5.50

తమ్ముడికి,

నువ్వు అక్కడ ఉండబట్టి గానీ, మాకీ విషయాలన్నీ ఎవరు చెబుతారు! మీ డైరెక్టరుకి బీపీ అన్నావు చూడు, ఆ ఒక్క ముక్కతో మా ప్రిన్సిపాల్ గారికి కూడా ధైర్యం వచ్చింది. ఆవిడ సంగతి నీకు తెలుసు కదా, తన నీడని చూసి తనే నమస్కారం పెడుతుంది. అలాంటిది తనే లేచి, "రోగి ఉన్నచోటికి నర్సులు వెళ్ళకపోతే ఎలాగ?" అంది. వచ్చే మంగళవారం, ఎనిమిదో తారీఖున, పిల్లలు నాలుగు బీపీ మిషన్లతో మీ ఆఫీసుకి వస్తున్నారు. వరండాలో బల్ల వేసుకుని అందరికీ ఊరికే బీపీ చూస్తారు. ఎవరొచ్చినా కాదనరు. మీ డైరెక్టరు గారికి రెండు చేతులకీ చూస్తారు. ఆయనకేమైనా అయితే ఎవరు చూస్తారని అడిగావు కదా, అదే జవాబు. సంతకాల మూటతో మంగలి కూడా వస్తున్నాడు. బీరువా అక్కర్లేదు, వాటిని నీ బల్ల మీదే పెట్టించు.

నోట్ రాసినవాడికి నిద్ర పట్టడం లేదా? నాకు మాత్రం జాలి కలగలేదు.

నిన్న గంట ఒక ప్రశ్న అడిగింది. "మేడం, ఆర్థిక శాఖ నుంచి మన స్కూలుకి ఎవరూ రాలేదు కదా, మరి మంచాలు ఎవరు లెక్కపెట్టారు? దుప్పట్లు చక్కగా పరిచారని చూడకుండా ఎలా రాశారు?" నాకు తలకాయ తీసేసినట్టయింది. ఇన్ని రోజులూ ఈ మాట నాకెందుకు తోచలేదు? ప్రాక్టీసు వార్డులోకి ఎవరు అడుగుపెట్టినా గేటు దగ్గర రిజిస్టర్లో పేరు, వచ్చిన టైము, వచ్చిన పని రాయాల్సిందే. ఆదివారం కూర్చుని మూడేళ్ళ రిజిస్టర్లూ చూస్తాను. దొరుకుతాడు.

డాక్టరు దగ్గరికి వెళ్ళావా, బీపీ మాత్రలు వేసుకుంటున్నావా?

అక్క


జూలై 6, ఉదయం 11.25

గౌరవనీయులైన సెక్షన్ ఆఫీసరు గారికి,

మూడేళ్ళ రిజిస్టర్లు చూశాను. ప్రాక్టీసు వార్డులోకి వచ్చిన బయటివారు నలుగురు. ఒకరు కుళాయి బాగుచేయడానికి, ఒకరు బల్లి పట్టడానికి, ఒకరు ఆ బల్లి మళ్ళీ వచ్చినందుకు. నాలుగో వారు మార్చి 11న, మధ్యాహ్నం 1.15కి లోపలికి, 3.40కి బయటికి. వచ్చిన పని అన్నచోట "అక్కని చూడటానికి" అని రాసి ఉంది.

గంటన్నర నిద్రపోయిన మనిషి లేచి మంచాలు కూడా లెక్కపెట్టుకు వెళ్ళాడని నాకు తెలియలేదు.

ఆ రోజు చార్టు నకలు దీనితో పంపుతున్నాను. తొమ్మిదో నంబరు మంచం, మగ, సుమారు యాభై ఏళ్ళు, బీపీ 168/100, గురక ఉంది. "దగ్గరి బంధువు" అన్న గీత దగ్గర పిల్లలు ఖాళీ వదిలేశారు, పాపం వాళ్ళకి తెలియదు. ఆ ఖాళీని నేను కూడా అలాగే ఉంచుతున్నాను.

ఈ కవరు గంట చేతికిచ్చి పంపుతున్నాను. మీ చేతికే ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకురమ్మన్నాను. ఇందులో ఏముందో పిల్లలకి చెప్పలేదు. నేను రావడం లేదు. వస్తే ఏమంటానో నాకే తెలియదు.

ట్యూటరు, నర్సింగ్ స్కూలు


జూలై 10

అక్కా,

ఈసారి నీ ఉత్తరం అందింది, గమనించాను అని మొదలుపెట్టలేను. ఆ నోట్ రాసింది నేనే.

ముందు మంగళవారం సంగతి చెబుతాను, ఎందుకంటే నువ్వు రాలేదు, నీకు చెప్పేవాడిని నేనొక్కణ్ణే. పదిన్నరకి నీ పిల్లలు వరండాలో బల్ల వేశారు. పదకొండుకి మా మూడు అంతస్తులూ ఖాళీ. అందరూ చొక్కా చేతులు మడుచుకుని వరసలో నిలబడ్డారు. డైరెక్టరు గారు కోపంగా దిగొచ్చి, "ఏమిటీ సంత?" అన్నారు. ఎవరో ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టేశారు. నూట ఇరవై బై ఎనభై. రెండు చేతులకీ అంతే. పిల్లల మొహాలు వాడిపోయాయి, ఇంకోసారి చూశారు, అయినా అంతే. ఆయన నవ్వారు అక్కా. ఈ తొమ్మిదేళ్ళలో ఆయన పళ్ళు చూడటం అదే మొదటిసారి. బీపీ రాసిచ్చిన చీటీని నోటీసు బోర్డులో పెట్టమన్నారు.

నేను తేలు కుట్టిన దొంగలా బీరువా వెనక నిలబడి ఉన్నాను. గంట నన్ను చూసింది. చూసి, ఆ గొంతుతో, "సార్! మీరు తొమ్మిదో నంబరు మంచం కదా!" అంది. మూడు అంతస్తులూ విన్నాయి. నన్ను లాక్కొచ్చి కూర్చోబెట్టి బీపీ చూసింది. నూట ఎనభై రెండు బై నూట పది. నీళ్ళు తాగించింది. చీటీలో రాయడానికి నా పేరు, హోదా అడిగి, జేబులోంచి నీ కవరు తీసింది, మళ్ళీ లోపల పెట్టేసుకుంది. "కాస్త తగ్గాక ఇస్తాను సార్. ఇందులో ఏముందో నాకు తెలీదు గానీ, రాసేటప్పుడు మేడం మొహం చూశాను" అంది. అరగంట తర్వాత నూట అరవైకి దిగాక ఇచ్చింది. సంతకం పెట్టించుకుంది.

డైరెక్టరు గారు పక్కనే ఉన్నారు. "తొమ్మిదో నంబరు ఏమిటి?" అన్నారు. నీ చార్టు నకలు ఆయన చేతిలో పెట్టాను. జరిగిందంతా చెప్పాను. ఆయన చాలాసేపు చదివి, "పదహారు మంచాలూ ఖాళీ అని రాసింది మీరే కదా. మీరు పడుకున్నప్పుడు కూడా అది ఖాళీయేనా?" అన్నారు. "నేను రాసింది తప్పు సార్" అన్నాను. "అదే రాసివ్వండి" అన్నారు. అక్కడే, వరండాలో, మంగలి తెచ్చిన సంతకాల మూట మీద కాగితం పెట్టుకుని రాశాను. పదహారు మంచాలు ఖాళీ కావని, వాటిలో ఒకదాని మీద నన్నే రోగిగా చూసుకున్నారని, ఆ పిల్లలు నేను ఎవరో తెలియకుండానే అంత శ్రద్ధగా చేశారని రాశాను.

పదిహేనో పేరు లేకపోతే ఎలా అన్నారు. ఆఫీసర్ల విశ్రాంతి భవనం పేరు ఇచ్చాను. గదులు పద్నాలుగు, పోయిన ఏడాది వచ్చినవాళ్ళు ఇద్దరు, అందులో ఒకాయన దారి తప్పి వచ్చాడు. నువ్వు అనుకునేలోపే చెబుతున్నాను, ఈసారి స్వయంగా వెళ్ళి, మెలకువగా ఉండి చూసి వచ్చాను.

నాకు మెమో ఇచ్చారు. "తనిఖీ సమయంలో నిద్రించినందుకు సంజాయిషీ ఇవ్వవలెను" అని. తనిఖీకి వెళ్ళలేదని రాస్తే, వెళ్ళకుండా నోట్ ఎలా రాశావంటారు. కాబట్టి నిద్రపోయానని ఒప్పుకున్నాను. రావలసిన ప్రమోషన్ ఈ ఏడు రాదు. బంట్రోతులు నన్ను తొమ్మిదో నంబరు సార్ అంటున్నారు.

ఇప్పుడు అసలు విషయం. ఆ సాయంత్రం పదిహేనో పేరు కోసం వెతుకుతుంటే, మూలగది గుర్తొచ్చింది. స్కూలు మూసేస్తే నువ్వు ఒక ఏడాది ముందే మా ఇంటికి వచ్చేస్తావనుకున్నాను. పిల్లల్ని ఎక్కడో ఒకచోట సర్దుతారులే అనుకున్నాను. ఇరవై ఆరుగురి గురించి ఆలోచించలేదు. మంచాలు లెక్కపెట్టింది మాత్రం పాడు బుద్ధితో కాదు, నాకు ఏది కనబడినా లెక్కపెట్టే అలవాటు, నీకు తెలుసు.

ఇంకొకటి. ఆ రోజు ఆ పిల్ల నా కాళ్ళు తుడుస్తుంటే అమ్మ గుర్తొచ్చింది. కళ్ళు మూసుకునే ఏడ్చాను. అది నోట్‌లో రాయలేదు. రాయనిది జరగనట్టే అనుకున్నాను.

తమ్ముడు


జూలై 17, ఉదయం 6.30

తమ్ముడికి,

ఆర్డరు రద్దయింది. నిన్న మధ్యాహ్నం కాగితం వచ్చింది. ప్రిన్సిపాల్ గారు దాన్ని మూడుసార్లు చదివి, నాలుగోసారి గంట చేత చదివించింది. అంటే రోడ్డు చివరి టీకొట్టు దాకా అందరికీ ఒకేసారి తెలిసిపోయింది. మంగలి కత్తి పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు, వెనకాలే సగం గడ్డంతో ఒకాయన కూడా వచ్చాడు. ఇరవై ఆరుగురిలో ఒక్కతీ పోవడం లేదు. వంటమనిషి అందరినీ కూర్చోబెట్టి రెండేసి సార్లు వడ్డించింది. ఈసారి కూడా ఎవరూ కాదనలేదు.

నీ ఉత్తరం చదివి నేను రెండుసార్లు ఏడ్చానని మరదలికి చెప్పకు. మొదటిసారి కోపంతో, రెండోసారి అమ్మ గుర్తొచ్చి. ముప్ఫై నాలుగేళ్ళ పని తీసి పక్కన పెట్టి, నాకు నీలం కర్టెన్లు ఇద్దామనుకున్నావు. నేను మీ దగ్గర ఉండాలనిపిస్తే ఆ ముక్క నాకు రాయొచ్చు కదరా, మీ డైరెక్టరుకి ఎందుకు రాశావు? ఆ గది వద్దనడం లేదు, ఇప్పుడే వద్దంటున్నాను. రిటైరయ్యాక కూడా ఇంకో రెండేళ్ళు చెప్పమని పిల్లలు పట్టుకున్నారు. అప్పటిదాకా మరదలి కుట్టుమిషను అక్కడే పెట్టించు. కర్టెన్లు ఉంచు.

ఆర్డరు కింద ఒక షరతు ఉంది, చూశావో లేదో. ఆ పదహారు మంచాలూ వాడుకలో ఉన్నాయని ప్రతి నెలా మీ శాఖ నుంచి ఒకరు వచ్చి, స్వయంగా చూసి సంతకం పెట్టాలి. "ముందు అనుభవం ఉన్నవారిని పంపవలెను" అని మీ డైరెక్టరు గారు తన చేత్తో రాశారు. ఆయనకి కోపమే ఉందనుకున్నాను, హాస్యం కూడా ఉంది.

కాబట్టి వచ్చే నెల రెండో శనివారం రా. ఆ రోజు పిల్లలకి పరీక్ష. రోగిగా పడుకోవాలి. మాత్రలు వేసుకుని, ఉప్పు తగ్గించుకుని రా. నువ్వెవరో గంటకి చెప్పాను. "అయ్యో మేడం, మీ తమ్ముడికి ఇంకాస్త గట్టిగా తల దువ్వాల్సింది" అంది.

క్షమించానని ఈ ఉత్తరంలో ఎక్కడా రాయలేదు, వెతుక్కోకు. కానీ నీ చార్టులో దగ్గరి బంధువు అన్నచోట ఖాళీ ఉందని చెప్పాను కదా. ఈ ఉదయం నింపాను. తేదీ, టైము వేసి సంతకం పెట్టాను.

అక్క